కంపెనీలను పిల్లల్లా పెంచిన మాస్టారు



పోయిన పీటీఎంలో ఎనిమిదో తరగతి అబ్బాయి నాన్నగారు ఒకరు నన్నొక ప్రశ్న అడిగారు. ఆయన చేతిలో ప్రోగ్రెస్ రిపోర్టు ఉంది. పక్కనే అబ్బాయి తల దించుకుని నిలబడ్డాడు. ఏడాదికి ఇంత ఫీజు కడుతున్నాం టీచర్, బస్సు వేరే, ట్యూషన్ వేరే, దానికి తగ్గ రిటర్న్ ఎప్పుడు కనపడుతుందో చెప్పండి అన్నారు. ఆయన కోపంగా అడగలేదు. నెల నెలా ఈఎంఐలు, ఫీజులు లెక్క వేసుకునే ఏ ఉద్యోగస్తుడికైనా వచ్చే ప్రశ్నే అది. నేను ఇంగ్లిష్ టీచర్ని. రీడింగ్ మెరుగుపడింది, స్పెల్లింగులు ఇంకా చూసుకోవాలి అని ఏదో చెప్పి పంపించేశాను. ఆయన అడిగినదానికి నేను జవాబు చెప్పలేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ రోజు ఇంటికి వెళ్తుంటే రిటర్న్ అన్న మాట దగ్గర నాకొక మనిషి గుర్తొచ్చారు. పెట్టిన డబ్బుకు ఎంత తిరిగొస్తుందో చూడటమే ఆయన ఉద్యోగం. పెట్టుబడి చరిత్రలో అందరూ చెప్పుకునే గొప్ప లాభాల్లో ఒకటి ఆయన చేతుల మీదుగా వచ్చింది. అలాంటాయన ఆ ప్రశ్నకు ఏమని జవాబిచ్చారో తెలిస్తే మీకూ ఆశ్చర్యం కలుగుతుంది. ఆయన పేరు జార్జ్ డోరియో. ఈ నెల మీకు ఆయన జీవితం చెబుతాను.

కార్లు కొత్తగా పుడుతున్న ఇంట్లో

డోరియో 1899 సెప్టెంబరు 24న పారిస్‌లో పుట్టారు. తండ్రి ఆగస్ట్ డోరియో ప్యూజో కంపెనీలో పనిచేసేవారు. గుర్రబ్బండ్ల మధ్య కార్లు అప్పుడప్పుడే రోడ్డెక్కుతున్న రోజులవి. 1891లో ఆ తండ్రి తోటి ఉద్యోగితో కలిసి ఒక ప్యూజో కారులో ఫ్యాక్టరీ నుంచి బయల్దేరి, పారిస్ మీదుగా సముద్రతీరంలోని బ్రెస్ట్ దాకా వెళ్లి తిరిగి వచ్చారు. మొత్తం రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఆ కాలంలో కారు అంత దూరం వెళ్లి క్షేమంగా తిరిగి రావడమే పెద్ద విశేషం.

తర్వాత ఆయన ఉద్యోగం వదిలేసి భాగస్వాములతో కలిసి 1906లో సొంతంగా కార్ల కంపెనీ పెట్టారు. వాళ్ల పేర్లలోని మొదటి అక్షరాలతో దానికి డీఎఫ్‌పీ అని పేరు. ఆ కార్లను లండన్‌లో అమ్మిన డబ్ల్యూ.ఓ. బెంట్లీ అనే యువకుడే కొన్నేళ్ల తర్వాత తన పేరుతో బెంట్లీ కార్లు తయారు చేశాడు. అంటే జార్జ్ పెరిగింది ఇంజిన్ల మధ్య, ఫ్యాక్టరీ కబుర్ల మధ్య అన్నమాట.

మొదటి ప్రపంచ యుద్ధంలో జార్జ్ ఫ్రెంచి సైన్యంలో ఫిరంగి దళంలో పనిచేశారు. యుద్ధం ముగిశాక, అమెరికాలో ఫ్యాక్టరీలు ఎలా నడుపుతున్నారో నేర్చుకోవాలని 1921లో ఓడెక్కారు. అప్పటికి ఆయనకు 21 ఏళ్లు. 1926లో తండ్రి కంపెనీ మూతపడింది. మంచి వస్తువు తయారు చేయడం ఒక పని, దాన్ని తయారు చేసే సంస్థను నిలబెట్టడం ఇంకో పని అన్న పాఠం ఆయనకు ముందు ఇంట్లోనే దొరికింది.

ఒక ఉత్తరం మార్చిన దారి

అమెరికాలో ఆయన చేరాలనుకున్నది ఎంఐటీలో. ఇంజినీరింగ్ ఇంటి పిల్లాడు కదా, అది సహజమే. అయితే ఆయన దగ్గర హార్వర్డ్ అధ్యక్షుడు లారెన్స్ లోవెల్‌కు ఇమ్మని ఎవరో రాసిచ్చిన పరిచయ పత్రం ఉంది. దాన్ని ఇద్దామని వెళ్తే, ఫ్యాక్టరీలు నడపడం నేర్చుకోవాలంటే నువ్వు చేరాల్సింది మా బిజినెస్ స్కూల్లో అని లోవెల్ ఆయన్ని ఒప్పించారు. ఆ బిజినెస్ స్కూల్ వయసు అప్పటికి పదమూడేళ్లే. అక్కడ ఏడాది చదివి, న్యూయార్క్‌లో కూన్ లోబ్ అనే పెట్టుబడి బ్యాంకులో పనిచేశారు. 1925లో అసిస్టెంట్ డీన్‌గా మళ్లీ హార్వర్డ్‌కే వచ్చారు. తర్వాత ప్రొఫెసర్ అయ్యారు. 1966లో రిటైరయ్యే దాకా అక్కడే పాఠం చెప్పారు.

ఆయన చెప్పిన సబ్జెక్టు పేరు మాన్యుఫ్యాక్చరింగ్. పేరు విని యంత్రాలు, బోల్టులు, నట్లు అనుకుంటాం. ఆయన క్లాసులో వాటికన్నా మనుషుల గురించి ఎక్కువ మాట్లాడేవారు. ఎలా పనిచేయాలి, పేపరు ఎలా చదవాలి, పని రాని మనిషిని ఎలా గుర్తుపట్టాలి, మన వస్తువు బాగా అమ్ముడవుతున్న రోజునే దాన్ని పనికిరాకుండా చేసే వస్తువును ఎక్కడో ఎవరో తయారు చేస్తుంటారని ఎలా గుర్తుపెట్టుకోవాలి, ఇలాంటివన్నీ. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ అంటే కేస్ స్టడీలకు పేరు. ఆయన వాటిని పక్కన పెట్టి నేరుగా మాట్లాడేవారు. విద్యార్థులను బృందాలుగా చేసి, రాబోయే కాలంలో ముఖ్యం కాబోయే విషయాల మీద నెలల తరబడి పనిచేయించి రిపోర్టులు రాయించేవారు. నలభై ఏళ్లలో దాదాపు ఏడు వేల మంది ఆయన దగ్గర చదువుకున్నారు.

నేనూ టీచర్ని కాబట్టి ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆయనలో ఆ కాలపు లోపాలూ ఉన్నాయి. ఆయన పాఠం చెప్పినంత కాలం దాదాపు అంతా మగపిల్లల క్లాసే. వాళ్ల భార్యలను మాత్రం ఏడాదికోసారి పిలిచి, పెద్ద ఉద్యోగం చేసే భర్తకు తగిన భార్యగా ఎలా ఉండాలో చెప్పేవారు. మనిషిలోని సామర్థ్యాన్ని అంత బాగా చూడగలిగిన ఆయనకు సగం మనుషులు కనపడలేదు. మన స్కూల్లో ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ ఒక్క విషయంలో ఆయన్ని గురువుగా తీసుకోనక్కర్లేదు.

చలికి ఆగే బూట్లు

1940లో ఆయన అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. మరుసటి ఏడాది సైన్యంలో చేరారు. సైనికులకు బట్టలు, తిండి, సామాన్లు అందించే విభాగానికి అధిపతి ఒకప్పుడు ఆయన విద్యార్థే. గురువుగారిని పరిశోధన పనికి పిలిచింది ఆ శిష్యుడే.

అక్కడ డోరియో చేసిన పని వింటే చిన్నగా అనిపిస్తుంది. చలిదేశంలో కాళ్లు గడ్డకట్టకుండా ఉండే బూట్లు, ఎండకూ వానకూ తట్టుకునే యూనిఫారాలు, జేబులో పట్టే ఆహారం పొట్లాలు. కానీ యుద్ధంలో తుపాకీ ఎంత అవసరమో తడవని కాలూ అంతే అవసరం. గాజు పీచుతో చేసిన ఒక రకం తేలికపాటి రక్షణ కవచానికి ఆయన పేరు మీదే డోరాన్ అని పేరు పెట్టారు. యుద్ధం ముగిసేసరికి ఆయన బ్రిగేడియర్ జనరల్. తర్వాత జీవితమంతా అందరూ ఆయన్ని జనరల్ అనే పిలిచారు.

ఆ నాలుగైదేళ్లలో ఆయన శాస్త్రవేత్తలతో, ఇంజినీర్లతో, ఫ్యాక్టరీ వాళ్లతో కలిసి పనిచేశారు. ప్రయోగశాలలో ఒక మనిషి బుర్రలో ఉన్న ఆలోచన, సరైన సమయానికి సరైన సాయం దొరికితే, ఎంత తొందరగా వస్తువై బయటికొస్తుందో కళ్లారా చూశారు. ఆయన తర్వాతి జీవితానికి అదే పునాది అయింది.

తాకట్టు లేని ఆలోచనకు డబ్బు

మీలో కొందరు సొంతంగా వ్యాపారం చేస్తున్నారు. బ్యాంకుకు వెళ్లి లోన్ అడిగితే మొదట ఏమడుగుతారో మీకు తెలుసు. స్థలం ఉందా, ఇల్లు ఉందా, తాకట్టు ఏం పెడతారు అంటారు. 1946లో అమెరికాలోనూ అంతే. యుద్ధకాలంలో ప్రయోగశాలల్లో ఎన్నో కొత్త విషయాలు కనిపెట్టారు. వాటితో కంపెనీ పెడదామనుకునే యువ ఇంజినీరు దగ్గర తాకట్టు పెట్టడానికి ఏముంటుంది? తల ఉంటుంది, చేతులుంటాయి. రాక్‌ఫెల్లర్ల వంటి ఒకటి రెండు ధనిక కుటుంబాలు తమకు తెలిసినవాళ్లకు సాయం చేసేవి. మిగతావాళ్లకు దారి లేదు.

ఆ లోటు తీర్చడానికి బోస్టన్‌లో కొందరు పెద్దలు కలిసి అమెరికన్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ అనే సంస్థ పెట్టారు. పొట్టిగా ఏఆర్‌డీ అనేవారు. అందులో ఎంఐటీ అధ్యక్షుడు కార్ల్ కాంప్టన్, బోస్టన్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు అధ్యక్షుడు రాల్ఫ్ ఫ్లాండర్స్ వంటివాళ్లున్నారు. ఫ్లాండర్స్ సెనేటర్ అయ్యాక సంస్థ బాధ్యత డోరియో చేతికొచ్చింది. మామూలు జనం దగ్గరా సంస్థల దగ్గరా షేర్లు అమ్మి, ఆ డబ్బును ఊరూపేరూ లేని కొత్త కంపెనీలలో పెట్టాలన్నది ఆలోచన. 50 లక్షల డాలర్లు సేకరిద్దామనుకుంటే 35 లక్షలే వచ్చాయి. అలాంటి కొత్త పనిని నమ్మినవాళ్లు తక్కువ మంది. ఇప్పుడు మన హైదరాబాద్, బెంగళూరు స్టార్టప్‌లకు డబ్బు పెట్టే వెంచర్ క్యాపిటల్ అనే పద్ధతి ఒక వృత్తిగా మొదలైంది దాదాపు అక్కడే. అందుకే డోరియోను ఆ వృత్తికి తండ్రి అంటారు.

మొదట్లో డబ్బు పెట్టిన కంపెనీల్లో ఒకటి హై వోల్టేజ్ ఇంజినీరింగ్. చాలా ఎక్కువ వోల్టేజీతో పనిచేసే ఎక్స్‌రే యంత్రాలతో క్యాన్సర్‌కు చికిత్స చేయవచ్చని అది పెట్టిన శాస్త్రవేత్తల నమ్మకం. వాళ్లలో ఒకరైన ఎంఐటీ ప్రొఫెసర్ జాన్ ట్రంప్ అమెరికా అధ్యక్షుడైన డొనాల్డ్ ట్రంప్‌కు స్వయానా బాబాయి. దీనిమీద పెద్దగా లాభం రాకపోవచ్చని, అయినా క్యాన్సర్ రోగులకు పనికొచ్చే పని కాబట్టి చేయదగినదేనని కాంప్టన్ అభిప్రాయపడ్డారు. ఏఆర్‌డీ రెండు లక్షల డాలర్లు పెట్టింది. కంపెనీ నిలబడింది, లాభమూ వచ్చింది. ఉప్పునీటిని మంచినీటిగా మార్చే అయానిక్స్ అనే కంపెనీకి కూడా ఏఆర్‌డీ తోడు నిలిచింది.

అన్నీ ఇలా ఫలించలేదు. కొన్ని కంపెనీలు మునిగిపోయాయి. ఏళ్ల తరబడి ఏఆర్‌డీ షేరును కొనేవాళ్లు కరువయ్యారు. కొత్త కంపెనీ ఎదగడానికి ఏళ్లు పడుతుందని, తొందరపడితే చెడిపోతుందని డోరియో వాటాదారులకు చెబుతూనే ఉన్నారు.

ఎవరికి డబ్బు పెట్టాలన్న విషయంలో ఆయనకొక నియమం ఉండేది. ఆలోచన రెండో రకానిదైనా మనిషి మొదటి రకం అయితే ఆయన ముందుకొచ్చేవారు. ఆలోచన మొదటి రకానిదైనా మనిషి రెండో రకం అయితే వెనక్కి తగ్గేవారు. మంచి మనిషి పాత ఆలోచనను దిద్దుకుంటాడు, పనికిరాకపోతే ఇంకోటి వెతుక్కుంటాడు. గొప్ప ఆలోచన తనంతట తాను మనిషిని దిద్దలేదు. ఆయన నియమాన్ని నేను అర్థం చేసుకున్నది ఇలా.

పాత మిల్లులో ఇద్దరు ఇంజినీర్లు

1957లో కెన్ ఓల్సెన్, హార్లన్ ఆండర్సన్ అనే ఇద్దరు ఇంజినీర్లు ఏఆర్‌డీ తలుపు తట్టారు. ఎంఐటీ లింకన్ ల్యాబొరేటరీలో పనిచేస్తున్నారు. ఇద్దరికీ వ్యాపారం చేసిన అనుభవం లేదు. ఓల్సెన్‌కు 31 ఏళ్లు. చిన్నప్పుడు ఇంటి కింది గదిలో తమ్ముడితో కలిసి రేడియోలు విప్పి బాగుచేసిన పిల్లాడు. నౌకాదళంలో ఎలక్ట్రానిక్స్ నేర్చుకుని, తర్వాత ఎంఐటీలో చదివాడు. వ్యాపారం గురించి తెలుసుకోవడానికి లైబ్రరీకి వెళ్లి పుస్తకాలు తెచ్చుకున్నాడు.

వాళ్లు చేయాలనుకున్నది మనుషులు ఎదురుగా కూర్చుని వాడుకోగలిగే చిన్న కంప్యూటర్. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే గదినిండా ఉండే యంత్రం. పెద్ద పెద్ద కంపెనీలే ఆ వ్యాపారంలో నష్టపోతున్నాయి. అందుకని ఏఆర్‌డీ ఉద్యోగులు వీళ్లకు ముందే కొన్ని జాగ్రత్తలు చెప్పారు. బోర్డు ముందు కంప్యూటర్ అన్న మాట ఎత్తొద్దు. లాభం ఐదు శాతం అని రాస్తే చాలదు. బోర్డులో పెద్దవయసువాళ్లే ఎక్కువ కాబట్టి లాభాలు తొందరగా వస్తాయని చెప్పండి. ఈ సంగతి ఓల్సెన్ తర్వాత నవ్వుకుంటూ చెప్పుకునేవాడు. పిల్లలను ఇంటర్వ్యూకు పంపేముందు మనం చెప్పే జాగ్రత్తలు గుర్తొస్తున్నాయి కదూ!

ఏఆర్‌డీ 70 వేల డాలర్లు పెట్టి కంపెనీలో దాదాపు 70 శాతం వాటా తీసుకుంది. మసాచుసెట్స్‌లోని మేనార్డ్ అనే ఊళ్లో ఒక పాత ఉన్ని మిల్లులో కొంత భాగం అద్దెకు తీసుకుని వాళ్లు పని మొదలుపెట్టారు. కంపెనీకి డిజిటల్ ఎక్విప్‌మెంట్ అని పేరు. మొదట చిన్న చిన్న ఎలక్ట్రానిక్ భాగాలు అమ్మారు, తర్వాత కంప్యూటర్లు చేశారు. మొదటి ఏడాదే లాభం వచ్చింది. ఆ లెక్కలు పట్టుకుని ఓల్సెన్ సంతోషంగా వెళ్తే డోరియో మెచ్చుకోలేదు. ఇంత తొందరగా గెలిచినవాళ్లు ఎక్కువ కాలం నిలబడటం తాను చూడలేదని చెప్పారు. మా క్లాసులో మొదటి యూనిట్ టెస్టుకే నూటికి నూరు తెచ్చుకున్న పిల్లాడికి ఎవరైనా అలా చెబితే మనకు కోపం వస్తుంది. ఓల్సెన్ మాత్రం ఆ హెచ్చరికను జీవితాంతం గుర్తుపెట్టుకున్నాడు.

1965లో ఆ కంపెనీ తెచ్చిన పీడీపీ-8 అనే చిన్న కంప్యూటర్ ప్రయోగశాలల్లోకి, ఫ్యాక్టరీల్లోకి వెళ్లింది. 1966లో కంపెనీ షేర్లు మార్కెట్లోకి వచ్చాయి. వాటాను మధ్యలో అమ్ముకుని లాభం చేసుకునే అవకాశాలు వచ్చినా ఏఆర్‌డీ చాలా కాలం దాన్ని అట్టేపెట్టుకుంది. పదిహేనేళ్లు తిరగకుండానే ఆ 70 వేల డాలర్ల విలువ 35 కోట్ల డాలర్లు దాటింది. అంటే ఐదు వేల రెట్లు. ఒక దశలో ఆ కంపెనీలో లక్ష మందికి పైగా ఉద్యోగులుండేవారు.

అదే 1957లో ఆయన వేసిన ఇంకో విత్తనం కూడా మొలకెత్తింది. యూరప్‌లో బిజినెస్ చదువుకు మంచి స్కూలు ఉండాలని ఆయన ఎన్నాళ్లుగానో చెబుతున్నారు. ఆయన శిష్యులు క్లాద్ జాన్సెన్, ఒలివియే జిస్కార్ దెస్తాంగ్ ముందుండి పనిచేయగా ఫ్రాన్స్‌లో ఇన్సియాడ్ ఏర్పడింది. ఈ రోజు ప్రపంచంలోని పెద్ద బిజినెస్ స్కూళ్లలో అదొకటి. ఇక్కడ కూడా ఆయన పెట్టుబడి శిష్యుల మీదే.

రిటర్న్ గురించి ఆయన చెప్పింది

ఇప్పుడు మొదట్లో చెప్పిన సంగతికి వద్దాం. మీ కంపెనీల మీద ఎంత రిటర్న్ ఆశిస్తారని డోరియోను అడిగేవాళ్లు. ఆయన తన కంపెనీలను పిల్లలతో పోల్చేవారు. ఇంట్లో బిడ్డ పుడితే దీనిమీద ఎంత రిటర్న్ వస్తుందని ఎవరూ అడగరు, ఆశలు మాత్రం అందరికీ ఉంటాయి, ఈ కంపెనీల విషయంలో నేనూ అంతే అన్నది ఆయన ఆలోచన. మనిషి మంచివాడై, నమ్మకస్తుడై ఉండి, జనం గొప్పగా చెప్పుకునేంత లాభం తేలేకపోయినా తాను అతనితోనే ఉంటానని చెప్పేవారు. కొంతమందిలోని ప్రతిభ 24 ఏళ్లు దాటాక గానీ బయటపడదని కూడా గుర్తుచేసేవారు. తాను చేసేది మనుషులను, కంపెనీలను తయారు చేయడం అని ఆయన అనుకున్నారు. షేరు కొని నాలుగు రోజుల్లో అమ్ముకునేవాళ్లతో తనను కలపొద్దనేవారు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను. డోరియో దంపతులకు పిల్లలు లేరు. అయినా డబ్బు పెట్టే మనిషి తన కంపెనీలను పిల్లల్లా చూడాలనుకున్నారు. పిల్లలున్న మనం వాళ్లను కంపెనీల్లా చూస్తున్నామేమో! మనం అంటున్నానంటే మిమ్మల్ని ఒక్కరినే కాదు. మార్కుల లిస్టు చేతికి రాగానే ముందు పై నుంచి ఐదు పేర్లు వెతికే టీచర్లలో నేనూ ఉన్నాను.

మీలో ఎవరైనా ఇక్కడ ఒక మాట అనవచ్చు. ఆయనకేం టీచర్, ఎన్నో కంపెనీల్లో డబ్బు పెట్టారు, ఒక్కటి గెలిస్తే మిగతా నష్టాలన్నీ పూడిపోయాయి, మాకున్నది ఒక్కడే కొడుకు అని. నిజమే. తల్లిదండ్రులకు ఆ సౌకర్యం లేదు. ఒక బిడ్డ తగ్గితే ఇంకో బిడ్డతో సర్దుకునే లెక్క ఇళ్లల్లో కుదరదు, కుదరకూడదు కూడా. అందుకే ఆయన దగ్గర మనం నేర్చుకోవలసింది ఆ ఐదు వేల రెట్ల లాభం గురించి కాదనిపిస్తుంది. అలాంటి లాభం ఆయన జీవితంలోనే ఒక్కసారి వచ్చింది. మిగతా కంపెనీలు నత్తనడక నడుస్తున్నప్పుడు, షేరు కొనేవాళ్లు లేనప్పుడు, ఆయన ఆ మనుషులతో ఎలా ఉన్నారన్నదే మనకు పనికొస్తుంది. ఓపిక ఆయనకన్నా మనకే ఎక్కువ అవసరం.

ఆయనకు చేతకానిది

పెంచడం తెలిసిన మనిషికి అప్పగించడం తెలియలేదు. డోరియో ఏఆర్‌డీని తన చేతుల్లోనే ఉంచుకున్నారు. తర్వాత నడిపేవాళ్లను సమయానికి తయారు చేయలేదు. అప్పటి నిబంధనల వల్ల అక్కడి ఉద్యోగులకు తాము పెంచిన కంపెనీల షేర్లలో భాగం దక్కేది కాదు. కంపెనీలు గెలిచినా వాళ్లకు మిగిలేది జీతమే. కుడిభుజంలా ఉన్న బిల్ ఎల్ఫర్స్ 1965లో బయటికెళ్లి గ్రేలాక్ అనే సొంత సంస్థ పెట్టుకున్నారు. చివరికి 1972లో ఏఆర్‌డీ టెక్స్‌ట్రాన్ అనే పెద్ద కంపెనీలో కలిసిపోయింది. ఇలాంటి సంస్థలు తర్వాత వందల్లో వచ్చాయి, మొదటిది మాత్రం అలా ముగిసింది.

ఆయన పెంచిన డిజిటల్ కంపెనీ కూడా ఎల్లకాలం నిలబడలేదు. 1998లో దాన్ని కాంపాక్ కొనేసింది. అది చూడటానికి డోరియో లేరు. 1987 జూన్ 2న, 87 ఏళ్ల వయసులో బోస్టన్‌లో కన్నుమూశారు. మీ వస్తువును పనికిరాకుండా చేసే వస్తువు ఎక్కడో తయారవుతుంటుందని ఆయన క్లాసులో చెప్పిన పాఠం ఆయన సొంత బిడ్డ లాంటి కంపెనీకీ వర్తించింది.

పిల్లలను పెంచడంలో కూడా చివరి పాఠం ఇదేనేమో. ఇంటర్‌లో గ్రూపు, ఇంజినీరింగ్‌లో బ్రాంచి, తర్వాత ఉద్యోగం, అన్నీ మనమే ఎంచి పెడితే, మనం పక్కన లేని రోజున వాళ్లు ఏం ఎంచుకోగలరు?

ఇంట్లో మనం చేయగలిగినవి

ఉపన్యాసం అనుకోవద్దు. ఆయన జీవితం చదివాక నేను నా క్లాసులో మొదలుపెట్టిన మూడు చిన్న పనులు చెబుతాను. మీ ఇంట్లోనూ కుదురుతాయి.

ఒకటి. ప్రోగ్రెస్ రిపోర్టు వచ్చిన రోజు మార్కులు చూసేముందు పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి. ఈ నెలలో నీకు కష్టమనిపించినా వదలకుండా చేసింది ఏంటి? జవాబు ఆటల గురించి కావచ్చు, బొమ్మ గీయడం గురించి కావచ్చు, ఒక లెక్క గురించి కావచ్చు. డోరియో వెతికిన మొదటి రకం మనిషి ఆ జవాబులో కనపడతాడు. మార్కులు తర్వాత చూడండి. చూడొద్దని నేను అనను, అంటే మా ప్రిన్సిపల్ మేడమ్ కూడా ఒప్పుకోరు!

రెండు. వారానికి ఒక రోజు పేపర్లో ఒక వార్త తీసుకుని పిల్లలతో కలిసి చదవండి. తెలుగైనా ఇంగ్లిష్ అయినా సరే. ఇది ఎందుకు జరిగింది, దీనివల్ల రేపు ఏం మారుతుంది అని అడగండి. ఆయన నలభై ఏళ్లు పెద్ద పిల్లలతో చేయించింది ఇలాంటిదే. ఎనిమిదో తరగతి పిల్లలు ఇంతకన్నా బాగా చేస్తారని నా అనుభవం.

మూడు. ఇంట్లో పాడైన మిక్సీ, పనిచేయని గడియారం, పాత రేడియో ఉంటే పారేయకండి. ప్లగ్ తీసేసి, పెద్దవాళ్లు పక్కనే ఉండి, పిల్లల చేత విప్పించండి. బాగుపడకపోయినా ఫరవాలేదు. ఒక ఓల్సెన్ అలాగే మొదలయ్యాడు. ఓల్సెన్ కాకపోయినా, తన చేతులతో ఒక పని మొదలుపెట్టి చివరిదాకా చూసిన పిల్లాడు తయారవుతాడు.

ఆ ఎనిమిదో తరగతి అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. పోయిన వారం మా క్లాసులో ఇంగ్లిష్‌లో చిన్న కథ రాయమన్నాను. చాలామంది అర పేజీ రాశారు. అతను నాలుగు పేజీలు రాశాడు. స్పెల్లింగ్ తప్పులు చాలా ఉన్నాయి. కథలో ఒక తాతయ్య పొలంలో బోరు ఎండిపోతుంది. మనవడు నీళ్లు ఎక్కడున్నాయో కనిపెట్టే యంత్రం చేయాలనుకుంటాడు. యంత్రం ఎలా పనిచేస్తుందో బొమ్మ కూడా గీశాడు. అది మొదటి రకం ఆలోచనో రెండో రకం ఆలోచనో నాకు తెలియదు. ఇంటర్వెల్ గంట కొట్టినా బయటికి వెళ్లకుండా కూర్చుని రాసిన మనిషి ఏ రకమో మాత్రం తెలుసు.

వచ్చే పీటీఎంలో వాళ్ల నాన్నగారు మళ్లీ రిటర్న్ గురించి అడిగితే, ఈసారి ముందుగా ఆ నాలుగు పేజీలు ఆయన చేతిలో పెడతాను. ఎప్పటికి అన్న ప్రశ్నకు తేదీ మాత్రం నా దగ్గర లేదు. డోరియో దగ్గర కూడా లేదు.

మీ పిల్లల్లో మీరు ఈ నెలలో కొత్తగా గమనించిన ఒక మంచి విషయాన్ని డైరీలో నాలుగు లైన్లు రాసి పంపండి. చదవడానికి ఎదురుచూస్తుంటాను.

మళ్లీ పీటీఎంలో కలుద్దాం.